బండి ముక్కు లేపే ముందు: నానికీ, బుజ్జమ్మకీ ఉత్తరం

చిరంజీవులు నానికీ, బుజ్జమ్మకీ మీ పెదనాన్న ఆశీస్సులు.

మీరు పంపిన వీడియో చూశానర్రా. పికప్ ముక్కు లేపి, అంటే ముందు భాగం ఎత్తు పెంచి, షాకులు (షాకబ్జార్బర్లు) మార్చి, బురదలో తిప్పుతుంటే చూడ్డానికి బాగానే ఉంది. మన కడియం బండికి కూడా అలా చేయించమని మీ నాన్నకి, అంటే మా తమ్ముడికి, నన్ను చెప్పమన్నారు. చెబుతాను, కానీ ముందు మీకు కొన్ని సంగతులు తెలియాలి. ఫోన్లో మొదలుపెడితే సగంలోనే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నానీ, నువ్వు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతున్నావు కాబట్టి లెక్కలు సరిచూడు. బుజ్జమ్మకు ఇంటర్ ఫిజిక్స్ చాలు.

ఖాళీ పికప్ వెనక ఎత్తుగా, ముందు పల్లంగా ఉంటుంది. మీకు నచ్చనిది అదే. కానీ అలా ఉండాలనే దాన్ని తయారుచేశారు. తొట్టిలో వేసే బరువులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది కాబట్టి అక్కడ కమాన్ కట్టలు (వంచిన ఇనుప పట్టీల స్ప్రింగులు) బలంగా, కాస్త ఎత్తుగా పెడతారు. లోడు పడ్డాక వెనక దిగి బండి సమానానికి వస్తుంది. ఇంటి ముందు నిలబెట్టినప్పుడు కనిపించే ఆ వాలు, మొక్కలు ఎక్కించాక ఖర్చయ్యే ఎత్తు. ఖాళీ బండిని సమానం చేశారంటే, లోడు బండికి ముక్కు ఆకాశం వైపు తిరిగినట్టే.

కాబట్టి మొదటి ప్రశ్న, మన బండి ఎక్కువగా ఎలా తిరుగుతుంది? నర్సరీ బండి. పది లీటర్ల తడిమట్టి కవరు ఒక్కొక్కటి పన్నెండు నుంచి పదిహేను కిలోలు తూగుతుంది. ముప్పై ఎక్కిస్తే నాలుగు వందల కిలోలకు అటూ ఇటూ. (ఆర్‌సీలో రాసిన బరువు ఎంతో ఎప్పుడైనా చూశారా? చూడండి. మార్పులు ఏం చేసినా ఆ అంకె పెరగదు.) వెళ్లేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ. వీడియోలోని బండి పెళ్లిళ్లకూ, బీచికీ తిరిగేది. దాని లెక్క వేరు.

కొలవకుండా ఏదీ నిర్ణయించొద్దు. చదునైన గచ్చు మీద బండి పెట్టి, టైర్లలో గాలి సరిగ్గా కొట్టించి, ప్రతి చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపు పట్టండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. ఇందులో ఒక మెలిక ఉంది. ముందు మడ్‌గార్డ్ వంపు, వెనక మడ్‌గార్డ్ వంపు ఒకే ఎత్తులో చెయ్యరు. అందుకని తలుపుల కింద ఉండే అంచు ముందు కొసన ఎంత ఎత్తుందో, వెనక కొసన ఎంత ఎత్తుందో కూడా నేల నుంచి కొలవండి. అసలు వాలు అక్కడ తెలుస్తుంది. ఇదంతా ఖాళీగా ఒకసారి, మామూలు లోడుతో ఒకసారి. రెండు కొలతలూ పక్కపక్కన రాస్తే సగం వాదన అక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు కింద ఏముందో చెబుతాను. మన బండికి ముందు చక్రాల దగ్గర కాయిల్ స్ప్రింగు, దాని మధ్యలో షాకబ్జార్బర్, పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్. ఆర్మ్ అంటే చక్రాన్ని చాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి, కలిపే చెయ్యి. వెనక కమాన్ కట్టలు. హైలక్స్, వీ-క్రాస్ లాంటివాటికీ ఇదే అమరిక. స్ప్రింగు పని బరువు మోయడం. షాకు బరువు మోయదు, స్ప్రింగు ఊగుడును ఆపుతుంది. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేవాళ్లే ఎక్కువ. కొత్త షాకులు వేస్తే బండి లేస్తుందనీ, స్పేసర్ వేస్తే కుదుపు తగ్గుతుందనీ అనుకుంటారు. రెండూ తప్పే. కొన్ని ఖరీదైన షాకుల మీద స్ప్రింగు కూర్చునే పళ్లేన్ని పైకి జరుపుకోవడానికి గాడులు ఉంటాయి. వాటితో ఎత్తు వస్తుంది, కానీ అది పళ్లెం జరిపినందుకు వచ్చిన ఎత్తు.

స్పేసర్ అంటే అల్యూమినియంతోనో, గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన బిళ్ల. ఎక్కువగా పెట్టేది స్ప్రింగూ షాకూ కలిసిన సెట్టుకు పైన, అది చాసిస్‌కు బిగిసే చోట. సెట్టు అంత మేర కిందికి జరుగుతుంది, చక్రాన్ని కిందికి నెడుతుంది, బండి లేస్తుంది. నానీ, ఇక్కడ నీ లెక్క. సెట్టు కింది కొస చక్రం దగ్గర ఉండదు, కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో బిగిసి ఉంటుంది. ఆర్మ్ ఒక తులాదండం. అందుకే 25 మిల్లీమీటర్ల బిళ్ల పెడితే చక్రం దగ్గర ఇంచుమించు 50 మిల్లీమీటర్లు లేస్తుంది. కచ్చితమైన నిష్పత్తి బండిని బట్టి మారుతుంది. రెండు అంగుళాలు లేపాలని రెండు అంగుళాల బిళ్ల కొని తెచ్చేవాళ్లను షెడ్డులో చాలామందినే చూశాను.

ఈ పద్ధతిలో స్ప్రింగు విప్పక్కర్లేదు, గట్టిదనం మారదు, కాబట్టి ఖాళీగా నడిపినప్పుడు కుదుపు పాతలాగే ఉంటుంది. అది మంచిదే. చెడు ఏమిటంటే, చక్రం పైకీ కిందికీ కదిలే పరిధి మొత్తం కిందికి జరిగిపోతుంది. చక్రం గుంటలో పూర్తిగా వేలాడినప్పుడు పై ఆర్మ్ కొసన ఉండే బాల్ జాయింటు (అన్ని వైపులా తిరిగే కీలు) తన హద్దు దాటి వంగుతుంది. ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి) అయితే ముందు ఇరుసుల సీవీ జాయింట్లు (వంగుతూనే చక్రాన్ని తిప్పే కీళ్లు) కూడా. కొన్ని బళ్లలో పై ఆర్మ్ పోయి స్ప్రింగును తాకుతుంది. ఇంకోటి, చాలామంది చెప్పనిది: బంప్ స్టాప్ రబ్బరు చాసిస్‌కు విడిగా ఉన్న బళ్లలో, పెద్ద గుంటలో పడ్డప్పుడు చక్రం ఆ రబ్బరును తాకి ఆగాలి. బిళ్ల పెట్టాక సెట్టు పొడవైనట్టే కదా, రబ్బరు అందేలోపే షాకు లోపల అడుగు తగులుతుంది. అలా కొన్నిసార్లు తగిలితే ఎంత ఖరీదైన షాకైనా పోతుంది. అందుకే బండి లేపేది అంగుళంన్నర, మహా అయితే రెండు అంగుళాలు. అంతకు మించి కావాలంటే పై ఆర్మ్‌లు కూడా మార్చాలి, అప్పుడు ఖర్చు ఇంకో మెట్టు ఎక్కుతుంది.

రెండో రకం బిళ్ల స్ప్రింగుకూ దాని పళ్లేనికీ మధ్య పెట్టేది. ఇందులో షాకు పొడవు మారదు. కానీ బండి లేచినంత మేర, చక్రం కిందికి దిగే చోటు తగ్గిపోతుంది. స్పీడు బ్రేకరు దిగేటప్పుడు ముందు నుంచి 'టక్' మని శబ్దం వస్తే ఇదే కారణం. పైగా దీనికి స్ప్రింగు విప్పాలి. ఇది మాత్రం ఇంట్లో చెయ్యొద్దు. లెక్క వేసి చూడండి: స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 90 న్యూటన్లు అనుకుందాం, 100 మిల్లీమీటర్లు నొక్కి ఉందనుకుందాం. సగం కె ఎక్స్ స్క్వేర్ వేస్తే 450 జౌళ్లు. 45 కిలోల ఇనుప దిమ్మ మీటరు ఎత్తు నుంచి పడితే ఎంతో అంత. స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసరు బిగించకుండా పై నట్టు తిప్పితే ఆ శక్తంతా ముఖం మీదికి వస్తుంది. యూట్యూబులో ఎవరో వైరు కట్టి విప్పాడని మీరూ మొదలుపెట్టకండి.

ఇక షాకులు. డబ్బు పెట్టదలిస్తే ముందు వీటికే పెట్టమంటాను. షాకు లోపల నూనె, అందులో సన్న కంతలున్న పిస్టన్. మొలలోతు కాలువలో నెమ్మదిగా నడిస్తే నీళ్లు దారిస్తాయి, పరుగెత్తబోతే అడ్డుపడతాయి కదా, షాకు కూడా అంతే. కదలిక వేగం పెరిగేకొద్దీ ఎక్కువ అడ్డుకుంటుంది. స్ప్రింగులో చేరిన శక్తిని వేడిగా మార్చేస్తుంది. గతుకుల రోడ్డు మీద చాలాసేపు నడిపి ఆగాక షాకు మీద చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది, జాగ్రత్తగా పెట్టండి. మామూలు రెండు గొట్టాల షాకులో నూనె బాగా వేడెక్కితే గాలి కలిసి నురగ వస్తుంది, నురగకు అడ్డుకునే బలం ఉండదు. అందుకే ఒకే గొట్టంలో నూనెనూ, ఒత్తిడితో నింపిన నైట్రోజన్‌నూ వేరుచేసి పెట్టే మోనోట్యూబ్ షాకులు వచ్చాయి. బిల్‌స్టైన్ వాళ్లు 1957లో మెర్సిడెస్-బెంజ్ కోసం వీటిని ఉత్పత్తిలోకి తెచ్చారు. వాటికీ ఓ బలహీనత ఉంది. బయటి గొట్టమే పిస్టన్ తిరిగే గోడ కాబట్టి రాయి తగిలి సొట్ట పడితే పిస్టన్ అక్కడ పట్టేస్తుంది.

మన రోడ్లకు ఈ సంగతి మరీ ముఖ్యం. డెల్టా బంకమట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. అందుకే కాలువ గట్ల మీద వేసిన తారు రోడ్డు కొన్నాళ్లకే అలలు తిరుగుతుంది. పెద్ద గుంట ఒకటి వస్తే బ్రేకు వేస్తాం. అలలు వరసగా వస్తుంటే వెయ్యం, బండి ఒక ఊపు మీద ఇంకో ఊపు అందుకుంటుంది. ఒక పక్క కాలువ, ఒక పక్క చేను, ఎదురుగా అరటిగెలల లారీ రావులపాలెం వైపు వస్తుంటే, ఆ ఊపును ఆపేది షాకు ఒక్కటే. ఎత్తు ఆపదు. ఎత్తు పెరిగితే ఊపు ఇంకొంచెం ఎక్కువవుతుంది కూడా. వెనక షాకులు పాతవి ఉంచేసి ముందువి మాత్రమే మార్చేవాళ్లూ ఉన్నారు, ఎందుకో నాకు అర్థం కాదు. ముందు కుదురుగా ఉంటుంది, వెనక గెంతుతూనే ఉంటుంది.

బుజ్జమ్మా, హెడ్‌లైటు లెక్క నీది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం సుమారు 3 మీటర్లు. ముందు 50 మిల్లీమీటర్లు లేపితే వాలు అరవైలో ఒక వంతు మారింది, అంటే ఒక డిగ్రీ దగ్గర. 30 మీటర్ల దూరంలో లైటు వెలుగు అర మీటరు పైకి పోతుంది. దాని మీద లోడు వేసి వెనక ఇంకో 75 మిల్లీమీటర్లు దిగిందనుకో, మొత్తం మార్పు మీటరూ పాతిక సెంటీమీటర్లు. ఎదురొచ్చే బైకు మీది మనిషి కళ్లు సరిగ్గా ఆ వెలుగులో ఉంటాయి. గట్టు మీద రాత్రి కళ్లు చెదిరితే అతను పోయేది కాలువలోకే. కాబట్టి లేపిన రోజే, మామూలు లోడు వేసి, గోడకు ఎదురుగా నిలబెట్టి లైట్లు సరిచేయించాలి. తర్వాత చూద్దాంలే అంటే కుదరదు.

వీల్ అలైన్‌మెంట్ కూడా అంతే. ఆర్మ్‌ల కోణం మారగానే టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం), క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలు), క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే స్టీరింగు ఇరుసు వాలు) మూడూ కదులుతాయి. టో ఒక్కటి తప్పినా టైరు ఒక అంచున రంపంతో కోసినట్టు అరిగిపోతుంది. బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బిగిసిపోతున్నాయేమో జాకీ మీద చూడాలి.

వెనక వైపు చెయ్యి పెట్టడానికి రెండు ఆలోచనలు వస్తాయి మీకు. కమాన్ కట్టలో ఒక పట్టీ తీసేస్తే వెనక దిగి సమానం అవుతుందని ఎవరో ఒకరు చెబుతారు. వద్దు. బరువు మోసే బలం తగ్గుతుంది, మిగతా పట్టీలు విరుగుతాయి. రెండోది కట్ట కింద దిమ్మలు పెట్టి వెనక కూడా లేపడం. వెనక ఇరుసు నుంచి చాసిస్ మీది వాల్వుకు కడ్డీ ఉండే బళ్లు ఉన్నాయి. లోడు ఎంతుందో ఆ వాల్వు వెనక ఎంత దిగిందో దాన్ని బట్టి గ్రహించి వెనక బ్రేకుల ఒత్తిడి మారుస్తుంది. వెనక లేపేసి దాన్ని సర్దకపోతే, లోడు ఉన్నా లేనట్టే అనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. లోడులో వెనక మరీ దిగుతోందంటే కమాన్ కట్టకు ఒక హెల్పర్ పట్టీ (అదనపు పట్టీ) వేయించడం మేలు, అదీ కమాన్ల షాపులో సరైన కొలతకు కొట్టించి.

మీ మావయ్య కాట్రేనికోనలో రొయ్యల చెరువులకు బండి తిప్పుతాడు. ఆయనా ఇదే చేయిస్తానంటున్నాడని విన్నాను. ఆయనకు ఇంకోమాట చెప్పండి. ఉప్పునీళ్లు కారే బండికి ఇనుము పక్కన అల్యూమినియం బిళ్ల పెడితే ఆ రెండూ కలిసే చోట అల్యూమినియం తెల్లగా పొడి పొడిగా తినేసుకుపోతుంది. గట్టి ప్లాస్టిక్ బిళ్ల తీసుకోవాలి, లేదంటే మంచి పూత ఉన్నది. బండి అడుగు మంచినీళ్లతో కడుగుతూ, కమాన్ కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టుల బిగింపు చూసుకుంటూ ఉండాలి.

చట్టం సంగతి. ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినదానికి భిన్నం అయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. షాకులు మార్చడం మామూలు మరమ్మతులాంటిదే, ఎత్తు మార్చడం అలా కాదు. రవాణా ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ వాళ్లనూ ముందే అడగమని తమ్ముడికి చెప్పండి. వారంటీ ఇంకా ఉంటే షోరూమ్‌లోనూ అడగాలి, రాతపూర్వకంగా.

నా లెక్క అడిగితే, మొదట నాలుగు చక్రాలకూ మంచి షాకులు వేయించండి, ఒక నెల తిప్పండి. అప్పటికీ ముక్కు లేపాలనిపిస్తే, చట్టం వైపు నుంచి అభ్యంతరం లేదని తేలితే, లోడు కొలత చూసి అంగుళం, అంగుళంన్నర లేపించండి. వెనక ఎత్తు వల్ల ఉన్న వాలులో సగం అలాగే మిగలాలి. వీడియోలోలా మొత్తం సమానం చేస్తానంటే నేను తమ్ముడితో మాట్లాడను, మీరే మాట్లాడుకోండి.

కొలతలు రెండు రకాలూ పంపండి. టైర్లలో గాలి ఎంతుందో, లోడులో ఎన్ని కవర్లు వేశారో పక్కనే రాయండి. ఫోటో కంటే కాగితమే నయం, ఫోటోలో టేపు ఎప్పుడూ వంకరగానే ఉంటుంది.

మీ పెదనాన్న