పొగాకు వివాదం: 2000-01 నాటి క్రాప్ హాలిడే మిగిల్చిన చిక్కు

2025లో నల్ల బర్లీ రకం పొగాకును అడిగే వ్యాపారి కరువై, రాష్ట్ర ప్రభుత్వమే తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించవలసి వచ్చినప్పటి నుంచి, పొగాకు సాగులో ప్రభుత్వం ఎంతవరకు కలగజేసుకోవాలన్న పాత వాదన ఒంగోలు ప్రాంతంలో మళ్లీ రాజుకుంది. 1976లో పొగాకు బోర్డు ఏర్పడటం, 1985లో రాష్ట్రంలో వేలం మొదలవడం అందరికీ తెలిసినవే. నేటి తగాదాకు మూలం మాత్రం 2000-01లో ఉంది.

సిగరెట్లకు వాడే వర్జీనియా పొగాకు నిల్వలు అమ్ముడుపోక పేరుకుపోవడంతో ఆ ఏడు ఆంధ్రప్రదేశ్‌లో ఆ పంటకు క్రాప్ హాలిడే, అంటే ఏడాదిపాటు సాగు విరామం, ఇచ్చారు. సరుకు తగ్గితే ధర నిలుస్తుందన్న లెక్కలో నిజం లేకపోలేదు. అయితే పంటను ఆపడమంటే దాని చుట్టూ ఊళ్లో తిరిగే డబ్బును కూడా ఆపడమే. ఆకును వేడితో ఆరబెట్టే గది అయిన బ్యారన్‌కు లైసెన్సు ఉన్న ఆసామికి ఏడాది ఆగే ఓపిక ఉండవచ్చు. కౌలు రైతుకు, కర్రలకు ఆకు అల్లే ఆడకూలీలకు, రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చుని బ్యారన్ వేడి చూసుకునే మనిషికి ఆ ఓపిక ఎక్కడిది? విరామం భారం మోసింది వీరే, విధానం రాసినప్పుడు లెక్కలోకి రానిదీ వీరే.

నల్లరేగడి నేలలకు శనగ ఒక దారి చూపింది. జేజీ-11 వంటి రకాలు అందడంతో పొగాకు పొలాలు శనగకు మళ్లాయి, కొన్నేళ్లు రాబడి పెరిగింది. తరువాత ధర పడిపోయి, కాబూలీ శనగ బస్తాలు కోల్డ్ స్టోరేజీల్లోనే నిలిచిపోయాయి. కనిగిరి, పొదిలి వైపు తేలిక నేలలకు, నీటి వసతి లేని చోట, ఆ దారైనా దొరకలేదు. 2015లో ధరలు కుప్పకూలి రైతులు ప్రాణాలు తీసుకున్నదీ, 2020లో మార్క్‌ఫెడ్‌ను వేలంలోకి దించవలసి వచ్చిందీ ఒంగోలు కేంద్రంగా ఉన్న ప్రకాశం జిల్లాలోనే.

నియంత్రణ వద్దు, మార్కెట్టే చూసుకుంటుందనే వారు బర్లీ సంగతి గమనించాలి. బోర్డు అదుపు బ్యారన్లకు, వర్జీనియాకే పరిమితం. బర్లీకి బ్యారన్ అక్కర లేదు; ఆకును తోరణాలుగా కట్టి ఆరబెడతారు, కనుక ఎవరెంత వేసినా అడిగేవారు లేకపోయారు. ముందటి ఏడు మంచి ధర పలకడంతో సాగు ఒక్కసారిగా పెరిగింది, మరుసటి ఏడు కొనేవారు వెనక్కి తగ్గారు. విస్తీర్ణానికి హద్దు పెట్టడం అవసరమే. ఆ హద్దుతో పాటు కొనుగోలు ఒప్పందం, బదులు పంటకు ధర హామీ, పని పోయిన కూలీకి ఉపాధి కూడా నారుమళ్లు పోయకముందే ఖరారు కావాలి. 2000-01లో వదిలేసినవి ఇవే, 2025లోనూ ఆకు ఇంటికి చేరాకనే గుర్తుకు వచ్చాయి.