'ఎలుకలు' అని కొట్టిన యంత్రం

1903 జూన్ 4, లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్. దాదాపు 400 కిలోమీటర్ల దూరాన, ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తీరంలో ఉన్న పోల్డూ నుంచి మార్కోనీ వైర్‌లెస్ సందేశం పంపుతారు. దాన్ని సభకు చూపించడానికి మార్కోనీ సలహాదారు ప్రొఫెసర్ ఫ్లెమింగ్ సిద్ధంగా ఉన్నారు. టైమ్ కాకముందే మోర్స్ యంత్రం టకటకా కొట్టడం మొదలుపెట్టింది. 'ఎలుకలు' (ఇంగ్లిష్‌లో 'ర్యాట్స్', ఎదుటివాళ్లను ఛీకొట్టే మాట) అన్న ఒక్క మాటే పదే పదే వచ్చింది. ఆ వెంటనే మార్కోనీ జనాన్ని మోసం చేశాడంటూ వెక్కిరించే పద్యం!

అది నెవిల్ మాస్కెలిన్ అనే ఇంద్రజాలికుడి పని. వైర్‌లెస్ వస్తే తమ వ్యాపారం దెబ్బతింటుందని భయపడ్డ ఒక కేబుల్ టెలిగ్రాఫ్ కంపెనీ అతన్ని పనిలో పెట్టుకుంది. తన యంత్రాన్ని ట్యూన్ చేశాక, అంటే ఒకే తరంగదైర్ఘ్యానికి సరిచేశాక, వేరేవాళ్లు ఆ సందేశాలు వినలేరని మార్కోనీ గట్టిగా చెప్పేవారు. ఫ్లెమింగ్ పత్రికలో మండిపడితే, మాస్కెలిన్ అదే పత్రికలో తానే చేశానని ఒప్పుకున్నాడు. సభను పాడుచేయడం నాకు నచ్చదు కానీ, అతను ఎత్తిచూపిన లోపం మాత్రం నిజం. ట్యూనింగ్ తాళం కాదు.

రాడార్‌కూ ఇదే కష్టం. అది రేడియో తరంగాన్ని పంపి, విమానానికి తగిలి తిరిగొచ్చిన దాన్ని నమ్మాల్సిందే. 1943 జూలై 24 రాత్రి హాంబర్గ్ మీదికి వెళ్లిన బ్రిటిష్ విమానాలు అల్యూమినియం పూత పూసిన కాగితపు ముక్కలను కట్టలు కట్టలుగా జారవిడిచాయి. ఒక్కో ముక్క పొడవు 27 సెంటీమీటర్లు, అంటే జర్మన్ రాడార్ తరంగదైర్ఘ్యంలో సుమారు సగం. ఆ పొడవున్న ముక్క తరంగాన్ని బాగా వెనక్కి కొడుతుంది. ఇక రాడార్ తెర నిండా విమానాలే! ఆ రాత్రి దాడికి వెళ్లిన 790కి పైగా విమానాల్లో 12 మాత్రమే తిరిగి రాలేదు. కింద నగరంలో ఆ పది రోజుల్లో పదుల వేల మంది చనిపోయారు. ఆ కాగితపు ముక్కల తెలివిని మెచ్చుకునేటప్పుడు వాళ్లను మరిచిపోకూడదు.

మన ఫోన్లు అందుకునే మామూలు జీపీఎస్ సంకేతం 20 వేల కిలోమీటర్ల పైనుంచి బాగా బలహీనపడి వస్తుంది, కాబట్టి దగ్గర్నుంచి పంపిన బలమైన నకిలీ సంకేతం దాన్ని కప్పేయగలదు. 2013లో టెక్సస్ యూనివర్సిటీకి చెందిన టాడ్ హంఫ్రీస్ బృందం, ఓడవాళ్ల అనుమతితోనే, మధ్యధరా సముద్రంలో 65 మీటర్ల ఓడను నకిలీ జీపీఎస్ సంకేతాలతో దారి మళ్లించింది. ఓడలో ఒక్క అలారమూ మోగలేదు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది అదే ఏడాది ఎంఐటీలో జరిగిన ప్రయోగం. దీనా కటాబీ, ఫాదెల్ అదీబ్ వైఫై తరంగాలతో గోడ అవతల కదిలే మనుషుల్ని పసిగట్టారు. ఇక్కడ ఎవరూ మన మెసేజ్ చదవడం లేదు, మన ఒంటికి తగిలి వెనక్కొచ్చిన తరంగాన్ని చూస్తున్నారు. కాబట్టి పాస్‌వర్డ్ ఎంత పెద్దదైనా ఉపయోగం లేదు. ఈ పద్ధతితో ఇంట్లో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు జారిపడితే వెంటనే తెలుసుకోవచ్చు, అది గొప్ప మేలే. కానీ అవే తరంగాలు పక్క ఫ్లాట్‌లోకీ వెళ్తాయి. అక్కడ నడుస్తున్నవాళ్లు దీనికి ఎప్పుడూ ఒప్పుకోలేదు.