బట్టల క్లిప్పు మీది 38

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

పోయిన వారం మీరు మా ఇంటికి వచ్చినప్పుడు అటక మీది నా పాత ట్రాన్స్‌మిటర్‌ను దింపి, దాని యాంటెనాకు తగిలించి ఉన్న చెక్క బట్టల క్లిప్పు మీద 38 అని ఎందుకు రాసి ఉందని అడిగారు. భోజనాల హడావుడిలో తరువాత చెబుతానని దాటవేశాను. రేడియోతో నడిపే చిన్న విమానాల సరదా ఈ నలభై ఏళ్లలో ఎంత మారిందో చెప్పడానికి ఆ క్లిప్పు కంటే మంచి వస్తువు నా దగ్గర లేదు కనుక, తీరికగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా రోజుల్లో రేడియో సెట్లు ఇక్కడ సులువుగా దొరికేవి కావు. అమెరికా నుంచి వస్తున్న ఒక బంధువును బతిమాలి తెప్పించుకున్న నా సెట్టు 72 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేది. అక్కడ మోడల్ విమానాల కోసం ఆ భాగాన్ని 20 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో 11 నుంచి 60 వరకు, అంటే 50 ఛానళ్లుగా విడదీశారు. నాది 38వ ఛానల్, అంటే 72.550 మెగాహెర్ట్జ్. దానిని నిర్ణయించేది వేలిగోరంత క్రిస్టల్. చేతిలోని ట్రాన్స్‌మిటర్‌లో ఒకటి, విమానంలోని రిసీవర్‌లో దానికి జతగా మరొకటి ఉండేవి. చిక్కు ఎక్కడంటే, ఆ రిసీవర్‌కు తన యజమాని ఎవరో తెలియదు. అదే ఛానల్ మీద మైదానంలో ఇంకెవరు మీట నొక్కినా రెండు సంకేతాలూ కలిసిపోయి, గాలిలో ఉన్న విమానం పిచ్చెత్తినట్టు గిలగిలలాడి నేలకు వచ్చేది.

అందుకే ఊరి చివర ఎండిన చెరువులో మేము ఎగరవేసే చోట, ఒక తుమ్మచెట్టుకు చెక్క బోర్డు కట్టి, ఛానల్ అంకెలు రాసిన బట్టల క్లిప్పులను దానికి వరుసగా తగిలించేవాళ్లం. సెట్టు వేయదలచినవారు ముందు తమ అంకె ఉన్న క్లిప్పును తీసి యాంటెనాకు పెట్టుకోవాలి. క్లిప్పు బోర్డు మీద లేదంటే ఆ ఛానల్‌వారు ఎవరో గాలిలో ఉన్నారని అర్థం. వారు దించేదాకా మీరు చెట్టు నీడన కూర్చోవలసిందే.

ఒక ఆదివారం నేను ఆలస్యంగా వెళ్లి, చుక్కాని కదులుతోందో లేదో చూద్దామనే తొందరలో, బోర్డు వైపు చూడకుండానే రెండు క్షణాలు సెట్టు వేశాను. 38 అప్పటికే మరొకరి దగ్గర ఉంది. ఆ పెద్దాయన మూడు నెలలు కూర్చుని బాల్సా చెక్కను బ్లేడుతో కోసి, జిగురుతో అతికించి చేసుకున్న విమానం ఒక్కసారి తిరగబడి ముక్కుతో నేలలోకి దిగింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ముక్కలు ఏరుతూ ఉంటే నేనూ పక్కన కూర్చుని ఏరాను. ఆనాటి నుంచి బోర్డునూ క్లిప్పులనూ మోసుకురావడం నా పని అయింది. మీరు చూసిన క్లిప్పు అలా నా దగ్గర మిగిలిపోయినదే.

2005 తరువాత ఈ సరదాలోకి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాయి. వాటిలో క్రిస్టల్ మార్చడం ఉండదు. మీరు కొత్త విమానానికి బైండ్ చేస్తారే, ఆ కొద్ది క్షణాల్లో ట్రాన్స్‌మిటర్ తన సొంత గుర్తింపు సంఖ్యను రిసీవర్‌కు నేర్పుతుంది. ఆ తరువాత ఆ సంఖ్య లేని ఆజ్ఞను రిసీవర్ లెక్కచేయదు. పైగా ఇప్పటి సెట్లలో చాలావరకు ఒకే ఫ్రీక్వెన్సీ మీద నిలవకుండా సెకనుకు ఎన్నోసార్లు ఒకదాని నుంచి మరొకదానికి గెంతుతూ ఉంటాయి. ఈ గెంతే ఉపాయానికి 1942లోనే పేటెంటు పొందిన ఇద్దరిలో ఒకరు హెడీ లమార్ అనే సినిమా నటి, మరొకరు జార్జ్ ఆంథైల్ అనే సంగీతకారుడు. టార్పెడోను నడిపే సంకేతం శత్రువుకు చిక్కకుండా, పియానో మెట్లు ఎన్నో అన్నే, 88 ఫ్రీక్వెన్సీల మధ్య దానిని మార్చాలన్నది వారి ఆలోచన.

యాంటెనా ఎందుకు అంత పొడవని కూడా అడిగారు. 72 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు నాలుగు మీటర్లకు కాస్త ఎక్కువ, యాంటెనాకు కావలసినది అందులో పావు వంతు, అంటే ఒక మీటరు; 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పన్నెండున్నర సెంటీమీటర్లే, పావు వంతు మూడు సెంటీమీటర్లు. అందుకే మా విమానాల వెనుక మీటరు తీగ తోకలాగా వేలాడేది, మీ రిసీవర్‌లో అది చిటికెన వేలిలో సుమారు సగమే ఉంటుంది.

చెట్టుకు బోర్డు కట్టడం ఎప్పుడు మానేశామో నాకు గుర్తులేదు. ఎవరి విమానం ఎవరు కూలుస్తారోనన్న భయం పోవడం నిజంగా గొప్ప మేలు. అయితే ఆ చెట్టు కింద వంతు కోసం కూర్చున్నప్పుడే నేను సగం విద్య నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరికి వారు కారు పక్కన నిలబడి ఎగరవేసుకుని వెళ్లిపోతున్నారు.

ఇంజన్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. మావి మిథనాల్‌లో ఆముదం కలిపి పోస్తే నడిచేవి. ఇంటికి వచ్చాక మీ అమ్మమ్మ నా చొక్కాను విడిగా నానబెట్టేది. చెన్నైలో ఇంధనం పాళ్లను నిర్ణయించే సూదిని సరిచేసిన ఇంజను ఇక్కడ సరిగా పలికేది కాదు, ఎందుకంటే బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి పలుచన, కనుక ఇంధనాన్ని కొంచెం తగ్గించాలి. కరెంటుతో తిరిగే మీ బ్రష్‌లెస్ మోటారుకు మండించడానికి గాలి అక్కరలేదు కాబట్టి ఆ తిప్పలు లేవు. ప్రొపెల్లర్‌కు మాత్రం అదే పలుచని గాలి. లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ పాత నికెల్ కాడ్మియం కంటే ఎంతో తేలిక. కానీ ఒక్కో సెల్‌ను 4.2 వోల్టులు దాటనివ్వకూడదు, 3 వోల్టుల కిందికి దిగనివ్వకూడదు, ఉబ్బినదానిని మళ్లీ ఛార్జి చేయకూడదు. ఆముదం చొక్కాను పాడుచేసింది, లైపో ఇల్లు తగలబెట్టగలదు.

గైరో విషయంలో మాత్రం మీతో నాకు పేచీ ఉంది. చిన్న చిప్పు విమానం ఒరుగుదలను కనిపెట్టి తానే సరిచేస్తుంది, మీరు ట్రాన్స్‌మిటర్ మీది కర్రలు వదిలేస్తే సమంగా నిలబెడుతుంది. ఫోమ్ విమానం పడినా సాయంత్రానికి జిగురుతో అతికిపోతుంది కనుక మీకు బెదురు లేదు, నాకు సంతోషమే. అయితే వేగం బాగా తగ్గి రెక్క మీది నుంచి గాలి విడిపోయినప్పుడు, వాలుతున్న రెక్కను లేపాలని గైరో ఆ రెక్క వెనుక అంచున కదిలే పలకను, అంటే ఐలరాన్‌ను, కిందికి వంచుతుంది; దానితో ఆ రెక్క కోణం ఇంకా పెరిగి, ఆ వైపే మరింత పడుతుంది. అప్పుడు ముక్కు దించి వేగం పెంచాలని తెలియవలసింది మీ చేతికి. అలాగే విమానం మీకు ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపుకే కర్రను నెట్టి, దానికి ఊతం పెట్టినట్టు అనుకోండి. తగినంత ఎత్తుకు వెళ్లాక గైరో మీటను ఆపి ఈ రెండూ సాధన చేయాలి.

వచ్చే ఆదివారం గాలి లేవకముందే, ఉదయం ఆరున్నరకు బయలుదేరదాం. హెచ్‌ఏఎల్, జక్కూరు, యలహంక, దేవనహళ్లి అంటూ ఈ ఊరి చుట్టూ విమానాశ్రయాలే కనుక, 2021 డ్రోన్ నిబంధనల కింద ఎక్కడ ఎగరవేయవచ్చో ప్రభుత్వపు డిజిటల్ స్కై వెబ్‌సైటు పటంలో మీలో పెద్దవాడు ముందుగా చూసి ఉంచాలి. శనివారం రాత్రి బ్యాటరీలను ఛార్జికి పెట్టి నిద్రపోకండి. విమానం ఒకటే, మీరు ముగ్గురు కాబట్టి ఆ క్లిప్పును నేను తెస్తాను. ఎవరి చొక్కాకు ఉంటే వంతు వారిది.

మీ తాతయ్య