హెమీ కుడా, షెవెల్ ఎల్ఎస్6: ధరల్లో ఇంత తేడా ఎక్కడ మొదలైంది?

1970 మోడల్ ప్లిమత్ హెమీ కుడా, అదే ఏడాది షెవర్లే షెవెల్ ఎస్ఎస్ 454 ఎల్ఎస్6. రెండూ అమెరికా కార్లే; హెమీ, ఎల్ఎస్6 అన్నవి వాటిలోని ఇంజిన్ల పేర్లు. అప్పటి పత్రికల పరీక్షల్లో ఈ రెండూ పావు మైలును దాదాపు ఒకే సమయంలో, 13 సెకన్లకు అటూ ఇటూగా పరిగెత్తాయి. ఈరోజు వేలంలో మాత్రం హెమీ ధర చాలా ముందుంటుంది. వేగం ఒకటే అయినప్పుడు ధర ఎందుకు వేరైంది?

హెమీ కథ రేసు ట్రాకు మీద మొదలైంది. 1964 డేటోనా 500 కార్ల రేసులో రిచర్డ్ పెటీ ఈ ఇంజిన్‌తోనే గెలిచాడు. మొదటి మూడు స్థానాలూ హెమీ ప్లిమత్‌లవే. మామూలు జనానికి అమ్మని ఇంజిన్‌తో పోటీకి రావడమేంటని ఆ రేసులు నడిపే నాస్కార్ సంస్థ అడ్డం తిరిగింది. దాంతో ప్లిమత్ మాతృసంస్థ క్రైస్లర్ 1966లో దాన్ని రోడ్డు కార్లలో పెట్టి అమ్మింది. అంటే ఇది అమ్మకాల కోసం పుట్టిన ఇంజిన్ కాదు. ఇంజిన్ పరిమాణం 426 ఘనపు అంగుళాలు, రెండు పెద్ద కార్బరేటర్లు, కంపెనీ చెప్పిన శక్తి 425 హార్స్‌పవర్.

షెవెల్ దారి వేరు. మధ్యస్థాయి కార్లలో 400 ఘనపు అంగుళాలు మించిన ఇంజిన్ పెట్టకూడదని షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ తనకు తానే గీత గీసుకుంది. 1970 మోడళ్లకు ఆ గీత చెరిపేయగానే 454 ఘనపు అంగుళాల ఎల్ఎస్6 ఇంజిన్ వచ్చేసింది. ఒక్క కార్బరేటర్‌తోనే 450 హార్స్‌పవర్. కుటుంబమంతా కూర్చుని ఊరెళ్లగలిగే కారులో అంత బలం! రోజూ నడపడానికి ఒకటి ఎంచుకోమంటే నేను ఆలోచించకుండా షెవెల్ అంటాను.

కొనేవాళ్లకూ అలాగే అనిపించినట్టుంది. కుడాలో హెమీ ఇంజిన్ కావాలంటే అదనంగా 871 డాలర్లు కట్టాలి, పైగా కుర్రాళ్లకు ఇన్సూరెన్స్ మోత. 1970లో అమ్ముడైన హెమీ కుడాలు 666, అందులో కన్వర్టిబుల్స్ (పైకప్పు తీసేయగలిగేవి) 14 మాత్రమే. ఎల్ఎస్6 కార్లు నాలుగు వేల పైచిలుకు తయారయ్యాయని చెబుతారు.

తర్వాత రెండూ ఎక్కువ కాలం బతకలేదు. సీసం లేని పెట్రోలు కోసం జనరల్ మోటార్స్ 1971లో ఇంజిన్లలో కంప్రెషన్ (సిలిండర్‌లో ఇంధనాన్ని నొక్కే మోతాదు) తగ్గించింది, షెవెల్‌కు ఎల్ఎస్6 పోయింది. హెమీ ఆ ఒక్క ఏడాదీ ఉండి ఆగిపోయింది. అప్పుడు కొనేవాళ్లు కరువైన 1971 హెమీ కుడా కన్వర్టిబుల్ ఒకటి 2014లో సియాటిల్‌లో జరిగిన మీకమ్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది.

అరుదుతనం ఒక్కటే కాదు, రుజువు కూడా ధరను పెంచుతుంది. ఫ్యాక్టరీ ప్రతి ప్లిమత్ కారుకూ వేసిన గుర్తింపు నంబరులో ఐదో అక్షరం ఇంజిన్‌ను చెబుతుంది, ‘ఆర్’ ఉంటే హెమీ. 1970 షెవెల్ నంబరు చూస్తే మాత్రం అందులో వచ్చింది ఎల్ఎస్6 ఇంజినేనా అన్నది తెలియదు. షెవెల్‌లోనే మామూలు రకమైన మాలిబూకు 454 ఇంజిన్ బిగించి, బ్యాడ్జీలు అంటించి అమ్మేవాళ్లకు అదే వరమైంది. అందుకే షెవెల్ కొనేవాళ్లు ముందు బానెట్ ఎత్తరు. ఫ్యాక్టరీలో కారుతో పాటు వచ్చిన బిల్డ్ షీట్, అంటే ఆ కారుకు ఏమేం బిగించాలో రాసిన కాగితం, ఉందా అని అడుగుతారు. చాలాసార్లు అది పెట్రోలు ట్యాంకు పైన ఇరుక్కుని దొరుకుతుంది, మరకలు పడి, సగం చిరిగి. ఆ కాగితం లేని కారుకు ఎల్ఎస్6 ధర చెబితే నేనైతే ఇవ్వను.