లారీ ఇంజిన్ లైటు వెనుక కథ: పంపు మేస్త్రీ నుంచి ల్యాప్‌టాప్ దాకా

ఎర్రగుంట్లలో సిమెంటు ఎత్తుకుని రాయచోటి వైపు బయల్దేరిన లారీ గువ్వలచెరువు ఘాట్‌లో సగం ఎక్కాక గుంజడం మానేస్తుంది. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ లైటు వెలుగుతుంది. పొగ లేదు, చప్పుడులో తేడా లేదు, ఆయిలు కారడం లేదు. కడప నుంచి వచ్చిన మేస్త్రీ క్యాబిన్ ఎత్తి చూసి, "ల్యాప్‌టాప్ పెట్టాల్సిందే" అంటాడు. ల్యాప్‌టాప్ వస్తుంది, ఒక కోడ్ చూపిస్తుంది, ఆ కోడ్‌లో పేరున్న సెన్సార్ మారుస్తారు. బండి కదులుతుంది. కొన్నాళ్లకు మళ్లీ అదే లైటు. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఏ లారీ ఓనర్‌ను కదిపినా ఇలాంటిది ఒకటి చెబుతాడు. చెప్పి, చివర్లో "మనోళ్లకు కొత్త బండ్లు తెలీవు" అని మేస్త్రీల మీద ఓ మాట వేస్తాడు.

ఆ మాటలో సగమే నిజం. మెకానికల్ పంపు నుంచి కంప్యూటర్ ఇంజిన్‌కు, అక్కడి నుంచి పొగ శుద్ధి చేసే సామాను దాకా మారడానికి అమెరికా మేస్త్రీలకు పాతికేళ్లు దొరికాయి. మన షెడ్లకు దొరికింది పదేళ్లు. అందులోనూ అసలు దెబ్బ 2017 ఏప్రిల్‌కూ 2020 ఏప్రిల్‌కూ మధ్య మూడేళ్లలో పడింది.

అంతకుముందు దశాబ్దాల పాటు మన లారీ ఇంజిన్‌కు ప్రాణం ఇన్‌లైన్ పంపు. జర్మనీకి చెందిన బాష్ వాళ్ల భారతీయ కంపెనీగా 1951లో పుట్టి, బెంగళూరులో ఫ్యాక్టరీ నడిపిన మైకో పేరు తెలియని డీజిల్ మేస్త్రీ ఉండడు. ఆ కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకున్నా, పాతకాలం వాళ్ల నోట అది ఇప్పటికీ మైకో పంపే. ఆ పంపులో ప్రతి సిలిండర్‌కూ ఒక ప్లంజర్, ఇంజిన్ వేగాన్ని బట్టి డీజిల్‌ను పెంచి తగ్గించే గవర్నర్ ఉంటాయి. స్టార్టర్ తిప్పడానికి బ్యాటరీ కావాలి గానీ, ఒకసారి ఇంజిన్ అందుకున్నాక కరెంటుతో పెద్దగా పని లేదు.

రోగం పట్టే పద్ధతీ అలాగే ఉండేది. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువవుతోంది: ఎయిర్ ఫిల్టర్, టర్బో, నాజిల్ చూడాలి. తెల్లపొగ వస్తే డీజిల్ సరిగ్గా కాలడం లేదు. నీలం పొగైతే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. ఒక సిలిండర్ మిస్ కొడుతోందని అనుమానం వస్తే, ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో నాజిల్ పైపు నట్టు స్పానర్‌తో కొంచెం వదులు చేసేవారు. ఏ నట్టు వదిలినప్పుడు చప్పుడు మారకపోతే తప్పు ఆ సిలిండర్‌దే. పంపులో తేడా అనిపిస్తే విప్పి టెస్ట్ బెంచ్ మీద కాలిబ్రేషన్ చేయించేవారు. క్లీనర్‌గానో హెల్పర్‌గానో చేరిన కుర్రాడు కొన్నేళ్లలో ఈ విద్యంతా చెవితో, కంటితో, చేత్తో నేర్చుకునేవాడు.

నట్టు వదులు చేసే ఇదే పని ఈనాటి కామన్ రైల్ ఇంజిన్ మీద చేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇందులో డీజిల్ 'రైలు' అనే ఒకే ఉమ్మడి గొట్టంలో చేరి, అక్కడి నుంచి అన్ని సిలిండర్లకూ పోతుంది. ఆ రైలులో ఒత్తిడి 1,600 బార్ దాటుతుంది, కొన్నింట్లో 2,000 పైనే. అంత ఒత్తిడితో సన్నని ధారగా వచ్చిన డీజిల్ గ్లవుజునూ చర్మాన్నీ కోసుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టు చిన్న గాటే కనిపిస్తుంది గానీ, వెంటనే ఆస్పత్రికి వెళ్లకపోతే వేలో చెయ్యో పోవచ్చు. పాత విద్యలో మొదటి పాఠమే కొత్త బండికి చేయకూడని మొదటి పని అయింది. దీన్ని మేస్త్రీలకు ఎవరైనా షెడ్డు దాకా వచ్చి చెప్పారా అన్నది వేరే ప్రశ్న.

లారీ ఇంజిన్‌లోకి కంప్యూటర్ వచ్చింది మన దేశంలో కాదు. అమెరికాలో డెట్రాయిట్ డీజిల్ 1985లో ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఇంజిన్ తెచ్చింది. క్యాటర్‌పిల్లర్ 1980ల చివర్లో, కమిన్స్ 1990 ప్రాంతంలో అదే దారి పట్టాయి. డీజిల్ ఎప్పుడు, ఎంత కొట్టాలో ఇంజిన్ కంప్యూటర్, మన వాళ్ల మాటలో ఈసీఎం, లెక్కగట్టడం మొదలైంది. తొలి రోజుల్లో రోగం తెలుసుకోవడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేకపోయేది. ఒక స్విచ్ నొక్కితే డ్యాష్‌బోర్డు లైటు లెక్క ప్రకారం మిణుకుమనేది, ఆ మిణుకులు లెక్కపెట్టి పుస్తకంలో చూసుకునేవారు. బాష్ 1986లో క్యాన్ వైరింగ్ పద్ధతిని బయటపెట్టింది. మెలిపెట్టిన రెండే వైర్ల మీద ఇంజిన్, బ్రేకు, గేజీలు అన్నీ మాట్లాడుకునే ఏర్పాటు అది. దాని మీదే 1990ల్లో లారీల కోసం జె1939 అనే ఉమ్మడి భాష తయారైంది. లారీలో కామన్ రైల్‌ను 1995లో జపాన్‌లో డెన్సో, హినో కలిసి తెచ్చాయి. అమెరికా రోడ్ల మీదికి పొగ గొట్టంలో ఫిల్టర్లు 2007లో, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే యూరియా ద్రవం 2010లో వచ్చాయి. ఒక్కో మెట్టు మధ్య ఊపిరి తీసుకునే సమయం ఉంది.

మన లెక్క వేరు. బండ్ల పొగకు కేంద్రం పెట్టే భారత్ స్టేజ్ (బీఎస్) ప్రమాణాల్లో బీఎస్-3 దేశమంతటా 2010లో అమలైంది. ఆ ప్రమాణాన్ని చాలా లారీలు మెకానికల్ పంపుతోనే దాటేశాయి. బీఎస్-4 అప్పుడు హైదరాబాద్‌తో సహా 13 నగరాలకే పరిమితం, కాబట్టి రాయలసీమలో లారీ షెడ్డుకు దాని సెగ పెద్దగా తగల్లేదు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 అన్నారు. కంపెనీల దగ్గర అమ్ముడుపోని బీఎస్-3 బండ్లు అన్ని రకాలూ కలిపి 8 లక్షలకు పైగా మిగిలాయి. వాటిని ఆ తేదీ తర్వాత అమ్మడానికి వీల్లేదని సుప్రీంకోర్టు మార్చి 29న తేల్చింది. అంతకు ఏడాది ముందే, 2016 జనవరిలో, బీఎస్-5ను వదిలేసి నేరుగా బీఎస్-6కు దూకాలని కేంద్రం నిర్ణయించింది. 2020 ఏప్రిల్ 1న అదీ వచ్చేసింది. పెద్ద ఇంజిన్ల నుంచి నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోవాట్ అవర్‌కు 3.5 గ్రాముల నుంచి 0.4కు పడింది. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. గాలికి మంచిదే, అందులో వాదన లేదు. కానీ మూడేళ్ల కిందటి దాకా నట్టు వదులు చేసి చప్పుడు విన్న మేస్త్రీ ముందుకు కామన్ రైలు, కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకే పంపే ఈజీఆర్, యూరియా ట్యాంకు, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సార్, పొగ ఫిల్టర్ అన్నీ దాదాపు ఒక్కసారే వచ్చిపడ్డాయి. 2023 ఏప్రిల్‌లో బీఎస్-6 రెండో దశ కింద బండి తన తప్పుల్ని తానే కనిపెట్టే ఓబీడీ నిబంధనల్ని ఇంకా బిగించారు.

ఈ హడావుడిలో షెడ్లలోకి ముందు వచ్చింది స్కానర్, దాన్ని చదివే చదువు తర్వాత వచ్చింది. చాలాచోట్ల ఇంకా రాలేదు. సెన్సార్లు ఊరికే మార్చడం ఇక్కడి నుంచే మొదలైంది.

జె1939 పద్ధతిలో కోడ్‌కు రెండు భాగాలుంటాయి. మొదటి అంకె దేని గురించి మాట్లాడుతోందో చెబుతుంది, రెండోది ఆ తప్పు ఏ రకమో చెబుతుంది. ఉదాహరణకు 157 అంటే రైలు ఒత్తిడి. దాని పక్కన 3 ఉంటే సెన్సార్ నుంచి వచ్చే వోల్టేజీ ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉందని. అప్పుడు అనుమానం వైరు, కనెక్టర్, సెన్సార్ మీదికి పోవాలి. పక్కన 18 ఉంటే సెన్సార్ సరిగ్గానే చెబుతోంది, ఒత్తిడే నిజంగా తక్కువగా ఉందని. అప్పుడు సెన్సార్ మారిస్తే డబ్బు దండగ. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయిందా, పైపులో గాలి పీలుస్తోందా, ఫీడ్ పంపు అందించడం లేదా, రిలీఫ్ వాల్వ్ వదిలేస్తోందా, ఏదైనా ఇంజెక్టర్ డీజిల్‌ను రిటర్న్ లైన్‌లోకి ఎక్కువగా వదిలేస్తోందా, ఇవన్నీ చూడాలి. మన షెడ్లలో చాలామంది మొదటి అంకె దగ్గరే ఆగిపోతున్నారు. ఓనర్ పక్కనే నిలబడి "ఏ సెన్సార్?" అని తొందరపెడతాడు, దుకాణంలో ఆ సెన్సార్ ఉంటుంది, పని అయిపోయినట్టు అనిపిస్తుంది.

పై జాబితాలో సగం పనులకు ల్యాప్‌టాప్ అక్కర్లేదని గమనించాలి. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ పైపును ఒక్కో సీసాలోకి పెట్టి ఇంజిన్ తిప్పితే, ఏ సీసా ముందు నిండుతుందో అదే దొంగ. రిటర్న్ వైపు ఒత్తిడి తక్కువే కాబట్టి ఈ పరీక్షలో నట్టు వదులు చేయడమంత ప్రమాదం ఉండదు. పాత పంపు మేస్త్రీకి ఒక్కసారి చూపిస్తే చాలు. మల్టీమీటర్‌తో తేలేవీ ఉన్నాయి. చాలా సెన్సార్లకు ఈసీఎం నుంచి 5 వోల్టుల సప్లై ఒకే లైను మీద పోతుంది. ఆ లైను మీద ఒక్క సెన్సార్ షార్ట్ అయితే మిగతావన్నీ కలిసి గగ్గోలు పెడతాయి. అందుకే నాలుగైదు కోడ్లు ఒక్కసారే వచ్చాయంటే నాలుగైదు సెన్సార్లు పోయాయని అనుకోకూడదు. ఒక్కోటీ పీకుతూ 5 వోల్టులు ఎప్పుడు తిరిగొస్తాయో చూడాలి. క్యాన్ వైర్ల మధ్య, బ్యాటరీ తీసేసి కొలిస్తే 60 ఓములు రావాలి. రెండు చివర్లా 120 ఓముల నిరోధకాలు ఉంటాయి గనుక. 120 చూపిస్తే ఒక వైపు తెగినట్టే.

ఇక మన ప్రాంతానికే చెందిన కారణాలు కొన్ని ఉన్నాయి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాళ్ల క్వారీల్లో తిరిగే బండ్ల కనెక్టర్లలోకి సున్నపురాయి దుమ్ము చేరుతుంది. టిప్పర్ బాడీకి అతుకు వేసేటప్పుడు బ్యాటరీ కేబుల్, ఈసీఎం కనెక్టర్ తీయకుండానే వెల్డింగ్ కొట్టేస్తారు. ఆ కరెంటు ఈసీఎం గుండా పోతే వేలల్లో కాదు, లక్షల్లో వదులుతుంది. 24 వోల్టుల బండిలో పాటల కోసం ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగుతారు. రెండు బ్యాటరీలూ సమానంగా లేక స్టార్టింగ్‌లో వోల్టేజీ పడిపోతుంది, లేని తప్పులకు కోడ్లు పుడతాయి.

అన్నింటికన్నా పెద్ద తలనొప్పి యూరియా ట్యాంకు. అందులో పోసేది 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. దీన్ని 35 డిగ్రీల వేడిలో నిల్వ పెడితే ఆరు నెలలకు మించి నమ్మడం కష్టం. మన ఎండాకాలం 40 దాటుతుంది, రోడ్డు పక్క దుకాణాల్లో బకెట్లు ఎండలోనే ఉంటాయి. దానికి తోడు పొలానికి వేసే యూరియా కలిపితే ఏమవుతుందిలే అనే తెలివి. ఎరువు యూరియాలో బైయురెట్ లాంటి మలినాలు ఎక్కువ, 2015 నుంచి దానికి వేప పూత కూడా ఉంటోంది. యూరియా పంపు, దాన్ని పొగలోకి చిమ్మే డోసింగ్ నాజిల్ మూసుకుపోతాయి, పొగను శుద్ధి చేసే క్యాటలిస్ట్ పాడవుతుంది, నాక్స్ సెన్సార్ అది పసిగట్టి ఈసీఎంకు చెబుతుంది. అప్పుడు ఈసీఎం బండిని శిక్షిస్తుంది. మన బీఎస్-6కు మూలమైన యూరో-6 నిబంధనల ప్రకారం మొదట టార్క్ నాలుగో వంతు తగ్గుతుంది, పట్టించుకోకపోతే వేగం గంటకు 20 కిలోమీటర్లకు పడిపోతుంది. ఘాట్‌లో సగం దారిలో గుంజడం మానేసిన బండికి ఇంజిన్‌లో ఏ రోగమూ లేకపోవచ్చు. నాక్స్ సెన్సార్ మార్చినా కోడ్ తిరిగి వస్తోందంటే ముందు ట్యాంకులో ఉన్నదాన్ని పరీక్షించాలి. సెన్సార్‌ను మభ్యపెట్టే ఎమ్యులేటర్ అమ్మేవాళ్లు హైవే మీద దొరుకుతారు. అది చట్టవిరుద్ధం, పైగా తర్వాత వచ్చే మేస్త్రీకి అసలు రోగం కనిపించకుండా చేస్తుంది.

చదువుతో తీరని చిక్కు ఒకటి మిగిలింది. కోడ్ చదవడానికి బజారులో దొరికే స్కానర్ చాలు. చాలా ఇంజిన్లలో కొత్త ఇంజెక్టర్ బిగించాక దాని మీద ముద్రించిన నంబరును ఈసీఎంలోకి ఎక్కించాలి. బండిని నిలబెట్టి పొగ ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చాలన్నా, ఈసీఎం మార్చాలన్నా కంపెనీ సాఫ్ట్‌వేర్, దాని లాగిన్ కావాలి. అవి డీలర్ల దగ్గరే ఉంటాయి. కార్ల విషయంలో ఇలాంటి గొడవ మీదే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, రోగనిర్ధారణ పరికరాలు బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదన్నది అభియోగం. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. ఆ కేసు లారీల గురించి కాదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరులో పోర్టల్ తెరిచింది. అందులో ఆటోమొబైల్ రంగం కూడా ఉంది. అయితే మన హైవే పక్క షెడ్డుకు కావాల్సింది యజమాని మాన్యువల్, కస్టమర్ కేర్ నంబరు కాదు. రైలు ఒత్తిడి ఏ వేగంలో ఎంత ఉండాలి, ఏ పిన్నులో ఎన్ని వోల్టులు రావాలి, కొత్త ఇంజెక్టర్ నంబరు ఎలా ఎక్కించాలి, ఈ మూడూ డబ్బు కట్టి అయినా కొనుక్కోగలిగేలా ఉండాలి.