పాత కార్ల తుప్పు మరమ్మతు: అపోహలు - వాస్తవాలు

పాత కారును తిరిగి నిలబెట్టే పనిని చాలామంది మధ్యలో వదిలేసేది ఇంజిన్ దగ్గర కాదు, తుప్పు దగ్గర. ఇంజిన్ విప్పితే ఏ భాగం ఎంత అరిగిందో కొలిచి చెప్పవచ్చు. బాడీ విషయంలో రంగు గీకి, కార్పెట్ ఎత్తి, రేకు కోసి చూసేదాకా లెక్క తేలదు. ఆ అనిశ్చితి వల్లే ఈ పని చుట్టూ ఇన్ని మాటలు పుట్టాయి. వాటిలో కొన్ని కారును పాడుచేస్తాయి, కొన్ని మనిషి ప్రాణానికే ముప్పు తెస్తాయి. బాడీ పని చేసేవాడిగా నేను తరచూ వినే అపోహలను ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: రంగు మీద చిన్న బుడగే కదా, గీకి రంగు వేస్తే సరిపోతుంది.

ఆ బుడగ ఎక్కడ ఉందన్నదే అసలు ప్రశ్న. బానెట్ మధ్యలో రాయి తగిలి రంగు ఊడిన చోట వచ్చిన తుప్పు పైనుంచి మొదలైనది. శుభ్రం చేసి రంగు వేస్తే నిజంగానే పోతుంది. అదే బుడగ డోరు అడుగు అంచున, చక్రం మీది వంపు అంచున, అద్దం రబ్బరు చుట్టూ కనిపిస్తే మాత్రం లోపలి నుంచి రేకును తినుకుంటూ బయటకు వచ్చిందని అర్థం. ఇనుము తుప్పుగా మారేటప్పుడు కొన్ని రెట్లు ఉబ్బుతుంది. రంగును పైకి లేపేది ఆ ఉబ్బే. అది మన కంటపడే నాటికి వెనక రేకు ఎంత మిగిలిందో చెప్పలేం.

స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. గట్టి రేకు కంగుమంటుంది, తిన్న రేకు మూగగా పలుకుతుంది. అయస్కాంతానికి పలచని గుడ్డ చుట్టి రేకు మీద జరపండి. అది పట్టు వదిలేసిన చోట కింద మందంగా పుట్టీ ఉన్నట్టే. కారు కొనబోతున్నవారు కనీసం ఈ రెండు పరీక్షలూ చేయనిదే బేరం మాట్లాడకూడదని నా గట్టి అభిప్రాయం.

అపోహ: అల్యూమినియం, స్టెయిన్‌లెస్ బాడీ ఉన్న కార్లకు ఈ బాధ లేదు.

పాత ల్యాండ్ రోవర్ల పై రేకులు చాలావరకు అల్యూమినియం మిశ్రమం. ఛాసిస్, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడలా ఉండే బల్క్‌హెడ్ మాత్రం ఉక్కు. డెలోరియన్ బయటి రేకులు స్టెయిన్‌లెస్, కింది ఫ్రేము ఎపాక్సీ పూసిన మామూలు ఉక్కు. తుప్పు పట్టేదీ అక్కడే. పైగా అల్యూమినియం, ఉక్కు ఒకదానికొకటి తాకే చోట తడి చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది.

అపోహ: రస్ట్ కన్వర్టర్ పూస్తే తుప్పు మళ్లీ ఇనుమైపోతుంది.

పోయిన ఇనుము తిరిగి రాదు. టానిక్ ఆమ్లం ఉన్న కన్వర్టర్ తుప్పును నల్లని ఐరన్ టానేట్‌గా మారుస్తుంది, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్నది ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. అదీ ద్రవం తాకినంత లోతు వరకే. పొలుసులు కట్టిన తుప్పు మీద పూస్తే పై పొర నల్లబడి చూడటానికి బాగుంటుంది, అడుగు పొర తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

దీనికి తోడు గ్రైండర్‌కు బిగించే వైర్ బ్రష్ ఒకటి. దానితో రుద్దిన రేకు తళతళలాడుతుంది. దీపాన్ని పక్కవాటుగా పట్టి చూడండి. మెరిసే రేకులో సూది మొనంత గుంటలు, ఒక్కో గుంట అడుగున ఒక్కో నల్ల చుక్క కనిపిస్తాయి. బ్రష్ ఆ గుంటల్లోకి దిగలేదు, తుప్పు మీద మెరుగు పెట్టి వదిలేసింది. రంగు వేశాక మళ్లీ తలెత్తేవి ఆ చుక్కలే. కన్వర్టర్‌కు సరైన చోటు ఇదే: రేకు మందం బాగానే ఉండి, గుంటల్లో మాత్రమే తుప్పు మిగిలినప్పుడు.

అపోహ: బాడీ మొత్తానికి ఇసుక బ్లాస్టింగ్ కొట్టిస్తే సగం పని అయిపోయినట్టే.

ఛాసిస్, సబ్‌ఫ్రేము, సస్పెన్షన్ చేతులు వంటి మందపాటి భాగాలకు బ్లాస్టింగ్ అంత మంచి పద్ధతి మరొకటి లేదు. బానెట్, టాప్, డోర్ల సంగతి వేరు. వాటి రేకు మందం ఇంచుమించు 0.8 నుంచి 1 మిల్లీమీటరు. గరుకు రేణువులు బలంగా కొట్టే కొద్దీ ఆ వైపు పొర సాగి రేకు వంపు తిరుగుతుంది. సాగిన పెద్ద చదును రేకును మళ్లీ దారికి తేవడం తుప్పు తీయడం కన్నా కష్టం. వాటికి రసాయనంతో రంగు తీసి, చేత్తో శుభ్రం చేయడమే మేలు. సిలికా ఇసుక మాత్రం దేనికీ వాడకండి. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు.

చిన్న భాగాలకు వాషింగ్ సోడా నీళ్లలో విద్యుద్విశ్లేషణ చక్కగా పనిచేస్తుంది. శుభ్రం చేయాల్సిన భాగం రుణ ధ్రువానికి, పారేయదగిన మామూలు ఉక్కు ముక్క ధన ధ్రువానికి కలపాలి. ఆ ముక్క స్థానంలో స్టెయిన్‌లెస్ పెడితే విషపూరితమైన క్రోమియం నీళ్లలో కలుస్తుంది. తొట్టి నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి గాలి ఆడే చోటే ఈ పని చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

అపోహ: తుప్పు పట్టిన సిల్ మీద కొత్త రేకు కప్పి వెల్డింగ్ చేస్తే బలం వచ్చేస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇది. మోనోకాక్ కార్లకు విడిగా ఛాసిస్ ఉండదు. డోరు కింద పొడవుగా ఉండే సిల్, ఫ్లోరు, డోర్ల పక్కన నిలువుగా ఉండే పిల్లర్లు కలిసి కారు బరువును మోస్తాయి. 1962లో వచ్చిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీనే చూడండి. బయటికి కనిపించే సిల్ రేకు వెనక నిలువుగా మరో పొర, దాని వెనక లోపలి సిల్, అడుగున ఇంకో పట్టీ ఉంటాయి. ఇవన్నీ కలిసి ఒక పెట్టెలా ఏర్పడితేనే బలం. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ఇంజిన్ నుంచి వేడి గాలిని మోసుకొచ్చే ఛానెళ్లే డోర్ల కింద బాడీకి దన్ను కూడా. అవి తిన్నాక పైన ఎంత మెరిసే రేకు అతికించినా పైన పటారం, లోన లొటారమే. కొత్త రేకుకూ పాత రేకుకూ మధ్య సన్నని సందు నీటిని పీల్చి పట్టి ఉంచుతుంది. కొన్నాళ్లకు రెండు రేకులూ తుప్పు పట్టి పోతాయి. ఈలోగా ప్రమాదం జరిగితే ఆ పెట్టె నలిగిపోతుంది. సీటు బెల్టు బిగించిన చోటుకు దగ్గర్లో ఇలాంటి అతుకు కనిపిస్తే ఆ కారును రోడ్డు మీదికి తీయకండి.

ఎంతవరకు కోయాలని అడుగుతారు. గుంటలు లేని, పూర్తి మందం ఉన్న రేకు వచ్చేదాకా కోయాలి, దాని మీద మరో రెండు మూడు సెంటీమీటర్లు. పలచబడిన అంచుకు వెల్డింగ్ నిలవదు. ఆర్క్ తగలగానే చిల్లు పడుతుంది, పూడ్చబోతే చిల్లు ఇంకా పెద్దదవుతుంది. రంధ్రాలు పూడ్చుకుంటూ కూర్చునే బదులు ధైర్యంగా ఇంకాస్త కోయండి.

అయితే కోతకు ముందు చేయాల్సిన పని చాలా ఉంది, నాకు ఎక్కువ పట్టింపు అక్కడే. డోర్లు బిగించి ఉండగానే చుట్టూ ఉన్న సందులను కొలిచి రాసుకోండి. ముందు పిల్లర్ నుంచి వెనక పిల్లర్‌కు ఇనుప గొట్టాలు అడ్డంగా వెల్డ్ చేయండి. టాప్ లేని కార్లకు ఇది తప్పనిసరి. కారు బరువు సస్పెన్షన్ బిగించే చోట్ల ఆనేలా స్టాండ్లు పెట్టండి. రెండు చివర్లా ఎత్తి వదిలేస్తే నడుము జారుతుంది. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు కోయాలి. కొత్త సిల్‌ను ముందు క్లాంపులతో పట్టించి, డోరు బిగించి, మూసి తెరిచి చూసి, సందులు కొలతకు సరిపోయాకే టాకులు (చిన్న చుక్కల్లాంటి వెల్డ్‌లు) వేయాలి. బాడీ జారిన స్థితిలో పూర్తి వెల్డింగ్ చేశారంటే ఆ డోరు ఇక సరిగా పడదు, అంతా మళ్లీ కోయడం తప్ప దారి ఉండదు.

అపోహ: వెల్డింగ్ ఆపకుండా ఒకే గీతగా లాగితేనే గట్టిది.

పలచని రేకు మీద అలా లాగితే వేడికి అలలు తేలుతుంది. మిగ్ వెల్డింగ్‌కు (యంత్రం తీగను తానే అందిస్తూ కరిగించే పద్ధతి) 0.6 మిల్లీమీటర్ల తీగ వాడండి. ఒక టాకు ఇక్కడ, తర్వాతిది దూరంగా అక్కడ. చల్లారనిస్తూ మధ్య ఖాళీలు నింపుకుంటూ పోతే చివరికి గీత పూర్తవుతుంది. గ్రైండింగ్ కూడా రేకును వేడెక్కిస్తుంది, కాబట్టి అక్కడా అదే ఓపిక కావాలి. కంపెనీ స్పాట్ వెల్డ్ (రెండు రేకులను చుక్కలుగా కలిపే వెల్డ్) వేసిన చోట పై రేకుకు 6 నుంచి 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి వాటిని వెల్డింగ్‌తో నింపవచ్చు.

మొదలుపెట్టే ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ తీగలు విప్పండి. ట్యాంకు దగ్గర పని ఉంటే దాన్ని దించి దూరంగా పెట్టండి. పెట్రోలు ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదకరం.

అపోహ: పుట్టీ వాడారంటే మోసమే.

చిల్లును పుట్టీతో పూడిస్తే మోసమే. గట్టి రేకు మీద ఎగుడుదిగుళ్లు సరిచేయడానికి రెండు మూడు మిల్లీమీటర్ల లోపు వేస్తే తప్పేమీ లేదు. కొత్త కార్ల అతుకులను సీసంతో నింపి నునుపు చేసిన కంపెనీలు ఎన్నో ఉన్నాయి. పుట్టీ తేమను పీల్చుతుంది కాబట్టి ముందు ఎపాక్సీ ప్రైమర్ వేసి దాని మీద పుట్టీ వేయడం నాకు ఇష్టం. మామూలు ప్రైమర్ వేసిన బాడీని నెలల తరబడి అలాగే వదిలేయకండి, దానిలోంచి తేమ రేకు దాకా దిగుతుంది.

అపోహ: అడుగున నల్లటి తారు పూత దట్టంగా వేస్తే ఇక తుప్పు రాదు.

తారు పూత ఏళ్లు గడిచే కొద్దీ గట్టిపడి బీటలు వారుతుంది. ఆ బీటలో దూరిన నీరు పూత కిందే నిలిచిపోతుంది, బయట నుంచి చూస్తే అంతా నల్లగా క్షేమంగా ఉంటుంది. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ రేకు దాకా నీరు ఎలా వచ్చింది? ఫ్లోరు తినిపోయిన కారులో నేను మొదట చూసేది ఫ్లోరు కాదు, ముందు అద్దం రబ్బరు, వైపర్ల కింద ఆకులు పేరుకున్న గాడి, డోర్ల అడుగున మూసుకుపోయిన రంధ్రాలు. పైనుంచి కారిన నీరు కార్పెట్ కింద నెలల తరబడి నిలిస్తే అడుగు పూత ఏమీ చేయలేదు. ఆ దారులు మూయకుండా కొత్త ఫ్లోరు వేయడం డబ్బు తగలేయడమే.

సిల్, డోర్లు, పిల్లర్ల లోపలికి రంగు పని అంతా అయ్యాక క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల తుప్పును ఆపే మైనపు పూత) కొట్టండి. ముందే కొడితే వెల్డింగ్ వేడికి అంటుకుంటుంది, రంగూ పట్టదు. పొడవాటి గొట్టం చివర నాజిల్‌తో ఒక చివర నుంచి లోపలికి దూర్చి, వెనక్కి లాగుతూ కొడితే అన్ని మూలలకూ చేరుతుంది. వ్యాక్స్ గట్టిపడే ముందు అడుగున ఉన్న నీటి రంధ్రాల్లో తీగ పెట్టి అవి తెరుచుకుని ఉన్నాయో లేదో చూడండి.