టీబీ జన్యువులు: పని తెలియనంత మాత్రాన పనికిరానివి కావు

క్షయ బ్యాక్టీరియా జన్యువుల మీద పనిచేసే మాకు కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి. వాటికి జవాబులివి.

అపోహ: జన్యుపటం పూర్తయింది కదా, ఇంకా తెలియనిదేముంది?

వాస్తవం: ల్యాబుల్లో ఎక్కువగా వాడే టీబీ బ్యాక్టీరియా రకం హెచ్37ఆర్వీ. దాని జన్యుపటం 1998లో వెలువడింది. 44 లక్షల పైచిలుకు డీఎన్‌ఏ అక్షరాలు, దాదాపు 4,000 జన్యువులు. వాటిలో ఫలానా పని అని అప్పట్లో గట్టిగా చెప్పగలిగినవి 40 శాతమే. మరో 44 శాతానికి ఏదో ఒక ఆధారమో పోలికో దొరికింది. మిగిలిన 16 శాతానికి, తెలిసిన ఏ ప్రోటీన్‌తోనూ పోలికే లేదు. ఏ జన్యువు పని ఏమిటో రాసుకునే ఈ పట్టిక ఆ తర్వాత చాలా మెరుగుపడినా ఖాళీలు మాత్రం పూర్తిగా పూడలేదు.

అపోహ: పని తెలియని జన్యువు దండగ.

వాస్తవం: ఆర్వీ3547 అనే జన్యువు సంగతి చూడండి. ప్రిటోమానిడ్ అనే టీబీ మందు దానంతట అది బ్యాక్టీరియాను చంపలేదు. లోపలి ఎంజైమ్ ఒకటి దాన్ని విషంగా మార్చాలి. మరి ఆ ఎంజైమ్ ఏది? మందుకు లొంగని బ్యాక్టీరియాను ఏరి పరిశీలిస్తే కొన్నింటిలో ఈ జన్యువే చెడిపోయి కనిపించింది. 2006లో ఈ విషయం బయటపడేనాటికి పట్టికలో దాని పక్కన ఉన్నది ‘ఊహాత్మక ప్రోటీన్’ అన్న ముక్క ఒక్కటే. ఇప్పుడు దాని పేరు డీడీఎన్. ప్రిటోమానిడ్‌కు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. శత్రువు ఇంట్లోనే మందును మేల్కొలిపే మనిషి ఉన్నాడన్నమాట!

కుష్ఠు బ్యాక్టీరియా ఇంకో ఆధారం ఇస్తుంది. పరిణామక్రమంలో అది చాలా జన్యువులను పోగొట్టుకుంది. పనిచేసేవి 1,600 దాకా మిగిలాయి. అంత నష్టపోయిన జీవి కూడా వదులుకోని, పని తెలియని జన్యువు టీబీ బ్యాక్టీరియాలోనూ ఉందంటే నేను ముందు దాని వైపే చూస్తాను.

అపోహ: జన్యువును తీసేసినా బ్యాక్టీరియా పెరిగితే, దాని అవసరం లేనట్టే.

వాస్తవం: ఎక్కడ పెరిగింది అన్నది అసలు ప్రశ్న. ఫ్లాస్కులో గ్లిసరాల్, పుష్కలంగా ఆక్సిజన్ ఉంటాయి. మన శరీరంలోని కణాల్లో ఆ సుఖం ఉండదు. అక్కడ కొలెస్టరాల్ తిని బతకాలి. ఆక్సిజన్ కొరతను తట్టుకోవాలి. ఆక్సిజన్ తగ్గినప్పుడు డాస్ఆర్ అనే నియంత్రకం దాదాపు 50 జన్యువులను మేల్కొలుపుతుంది. వాటిలో చాలావాటి పని ఇప్పటికీ సరిగా తెలియదు. పైగా ఈ బ్యాక్టీరియా ఒకసారి విభజన చెందడానికే 20 గంటల దాకా పడుతుంది. పళ్లెంలో కాలనీ కనిపించాలంటే మూడు, నాలుగు వారాలు ఆగాలి. తొందరపడేవారికి సరిపడే రంగం కాదిది.

అపోహ: పట్టికలో పేరు ఉందంటే పని తేలినట్టే.

వాస్తవం: చాలా పేర్లు పోలికను బట్టి పెట్టినవే. ఒక పట్టికలోని ఊహ రెండో పట్టికలోకి ఎక్కుతుంది. మూడో దానికి చేరేసరికి ‘బహుశా’ కాస్తా రాలిపోతుంది. నాకు అన్నింటికన్నా చిరాకు తెప్పించేది ఇదే.

అపోహ: ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ వచ్చాక ఈ బాధ తీరింది.

వాస్తవం: ప్రోటీన్ ఆకారాన్ని అది బాగానే అంచనా వేస్తుంది, మాకూ రోజూ పనికొస్తుంది. అయితే ఆ ప్రోటీన్ ఏ పదార్థం మీద పనిచేస్తుందో, ఎప్పుడు చేస్తుందో ఆకారం ఒక్కటే చెప్పదు. ప్రోటీన్‌ను శుద్ధి చేసి, అనుమానమున్న పదార్థాలను ఒక్కొక్కటిగా అందించి చూడాల్సిందే.